శాంతమ్మ రాని ఫైనల్

శుక్రవారం పొద్దున ఉచ్చీరప్ప మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చేసరికి శాంతమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ముగ్గురూ గుమ్మం బయటే చెప్పులు విడిచారు. రోజుకు నాలుగుసార్లు చెప్పులతోనే వసారాలోకి వచ్చి మంచినీళ్లు అడిగే మనుషులు ఇంత మర్యాదగా వచ్చారంటే అది మంచికి కాదని శాంతమ్మకు తెలుసు. రాట్నం ఆపకుండానే "రాండప్పా" అంది.

ఉచ్చీరప్ప కూర్చోలేదు. ఎమ్మిగనూరు మగ్గాల వీధి ఫుట్‌బాల్ టీములో ఆడేవాళ్లు పదకొండు మందైతే, అరిచేవాళ్లు వంద మంది. ఆ వంద మందికీ పెద్ద ఉచ్చీరప్ప. జన్మలో ఒక్కసారైనా బంతిని తన్నినవాడు కాదు. కానీ ఏ ఆట ఎందుకు ఓడిపోయారో ఆడినవాళ్లకంటే ముందు ఆయనే చెప్పేస్తాడు. గోల్‌కీపర్ ఏ కాలు ముందు పెట్టి గ్రౌండులోకి దిగాలి, ఆట రోజున ఎవరు గడ్డం గీసుకోకూడదు, ఏ ఆటో ముందు పోవాలి, ఏది వెనక రావాలి, ఇవన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

"వదినా, ఒక మాట. తప్పుగా అనుకోవద్దు" అని రెండు చేతులూ జోడించాడు. "ఎల్లుండి ఆదోనిలో ఫైనల్ గదా. నువ్వు రావద్దు."

శాంతమ్మ వేళ్ల మధ్య దారం పుటుక్కున తెగింది. తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని ముడేస్తూ, "ఎందుకప్పా?" అంది.

"నీకు తెల్సు గదా వదినా. మొన్నటేడు ఫైనల్‌కి వచ్చినావు, ఓడిపోతిమి. పోయినేడు వచ్చినావు, మళ్లా ఓడిపోతిమి. ఈసారి ఒక్క ఆటకూ నువ్వు రాలేదు, అన్నీ గెలిచినాము. ఇది నేను సెప్తాండేది కాదు వదినా, జరిగినాది అట్ల ఉండాది."

ఈసారి ఆమె రాలేదంటే దుప్పట్ల ఆర్డరు మీద పడి ఊపిరాడక రాలేదు. అంతేగాని ఎవరి అదృష్టం కోసమో కాదు. ఆ ముక్క చెప్పబోయింది. వెనకాల వచ్చిన ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు. అందులో ఒకడి పెళ్లికి పసుపు దంచింది కూడా తనే.

ఆమె మొగుడు శేషప్ప మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. పోగు మోసుకుంటూ నాడె ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ టకటకమని పోతూనే ఉంది. అది ఆగితే ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. అందుకని ఆయన ఆపలేదు. రోజూ ఈపాటికి బీడీ కోసం రెండుసార్లు లేచే మనిషి ఇవాళ గజం గుడ్డ ఎక్కువే నేశాడు.

తలుపుకు ఆనుకుని కొడుకు మంజునాథ్ ఫోను చూసుకుంటున్నాడు. ఇరవై రెండేళ్లవాడు. టీముకు ఫార్వర్డు, తొమ్మిదో నంబరు. వీధిలో చిన్నపిల్లలు గోడల మీద బొగ్గుతో తొమ్మిది అంకె రాసుకునేది వాడి కోసమే.

"నువ్వేమంటావురా మంజూ?" అని అడిగింది శాంతమ్మ.

వాడు తల ఎత్తలేదు. "నాకేం తెల్సమ్మా. అందరూ అంటాండారు."

ఆ అందరిలో నువ్వున్నావా లేవా అని అడగాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. ఉన్నానని చెప్తాడేమోనని భయమేసి అడగలేదు. "సరేలేప్పా, రానులే" అంది.

"నువ్వు బంగారం వదినా" అన్నాడు ఉచ్చీరప్ప. ముగ్గురి మొహాలూ తేటబడ్డాయి. ఇప్పుడు మాత్రం చనువుగా మంచినీళ్లు అడిగి తాగి, చెప్పులేసుకుని పోయారు.

ఆ వంద మందిలో సగం మందికి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు. పక్కవాడు అరిస్తే అరుస్తారు. శాంతమ్మకు తెలుసు. మంజు ఎడమ కాలు కుడికాలికంటే నమ్మకమైనదనీ, ఎదుటివాడు మీదికొస్తే వాడు ముందు కుడివైపు ఒంగి ఎడమకు తప్పుకుంటాడనీ ఆమెకు తెలిసినంతగా వాడి కోచ్‌కు కూడా తెలియదు. సంవత్సరానికి ఒక్క రోజు, పండగ కన్నా ఎక్కువగా ఎదురుచూసే ఆ ఒక్క రోజును రెండు దండాలు పెట్టి తీసుకుపోయారు. ఇచ్చింది కూడా తనే. ఆ తెగిన దారం ముడి నున్నగా రాలేదని మళ్లీ విప్పి వేసింది.

*

శనివారం వీధంతా పెళ్లివారిల్లులా ఉంది. తప్పెట్లను ఎండుగడ్డి మంట మీద సెగ చూపించి బిగిస్తున్నారు. పసుపుపచ్చ జెండాలకు వెదురు కర్రలు దూరుస్తున్నారు. రంగు డబ్బాలో చెయ్యి ముంచి మొహాన పూసుకుని, ఎలా ఉందో రేపటి కోసం ఈరోజే చూసుకుంటున్నారు కుర్రాళ్లు. శాంతమ్మ పెరట్లో పదహారు జెర్సీలు ఉతికి, రంగు పోకుండా నీడన తీగ మీద వేసింది. అందరి జెర్సీలూ ఆమే ఉతకాలని ఎవరూ చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు. మూడేళ్లుగా అలా జరిగిపోతోంది, అంతే. తొమ్మిదో నంబరు జెర్సీ భుజం దగ్గర కుట్టు ఊడితే సూది తెచ్చి కుట్టింది.

మధ్యాహ్నం ఉచ్చీరప్ప కూతురు మేఘన వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం చదివే పిల్ల. "పెద్దమ్మా, మాయింట్లో కొత్త పడుగు ఎక్కించినారు. నాయిన నిన్ను పిలుచుకు రమ్మన్యాడు" అంది.

మగ్గాల వీధిలో అదొక పద్ధతి. కొత్త నిలువు పోగుల పడుగు మగ్గానికి ఎక్కితే మొదటి మూడు అడ్డపోగులూ శాంతమ్మ చేత వేయిస్తారు. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆమె మొదలుపెట్టిన పడుగు తెగకుండా, ముడిపడకుండా చివరిదాకా నేతకొస్తుందని నమ్మకం. పురిటి ఇంట్లో ఉన్నా సరే, స్నానం చేయించి మరీ తీసుకుపోయిన రోజులున్నాయి.

శాంతమ్మ చేతులు తుడుచుకుని వెళ్లింది. ఉచ్చీరప్ప మగ్గం కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి సిద్ధంగా ఉంచాడు. "రా వదినా రా. నువ్వు చెయ్యేస్తేనే మాకు ధైర్యం" అన్నాడు. నిన్న పొద్దున చేతులు జోడించిన మనిషి ఈయనేనా అని ఆమె ఒక క్షణం చూసింది. అవే చేతులు. అదే వినయం. ఆయనకు అందులో తేడా ఏమీ కనిపించినట్టు లేదు.

ఆమె గుంతలోకి కాళ్లు వేసి కూర్చుంది. పడుగు మీద అరచేయి పరిచి ఒకసారి నిమిరింది. గంజి ఆరిన పోగులు బిర్రుగా, చల్లగా తగిలాయి. కాలితో తొక్కి, పిడి లాగింది. నాడె అటు వెళ్లింది. మళ్లీ తొక్కి లాగింది, ఇటు వచ్చింది. మూడోసారి లాగి, పోగు సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి లేచింది.

మేఘన గోడకు ఆనుకుని చూస్తోంది. ఉన్నట్టుండి, "నాయినా, పెద్దమ్మ చెయ్యి మనకు పనికొస్తాది. కన్ను పనికి రాదా?" అంది.

"ఏం మాటే అది?"

"నువ్వే గదా ఫైనల్‌కి రావద్దని సెప్పొచ్చినావు. చెయ్యి మంచిదైతే కన్ను చెడ్డదెట్లయితాది? రెండూ ఒకే మనిషివే గదా?"

"మగ్గం వేరే, ఆట వేరే. సదువుకున్న దానివి, నీకు అర్థం గాదులే. పో, వదినకు తాంబూలం తీసుకురాపో."

మేఘన ఆకూ వక్కా తెచ్చి చేతిలో పెట్టింది. ఆ పిల్ల కళ్లల్లోకి శాంతమ్మ చూడలేకపోయింది. ఇంటికి నడిచి వస్తుంటే అవమానం అప్పుడు తగిలింది. నిన్న తగలని అవమానం అది. నిన్న ఎవరో ఏదో నమ్ముతున్నారులే అనుకుని సరిపెట్టుకుంది. ఇవాళ తెలిసింది, వీళ్లు నమ్మేది కూడా తమ అవసరం చూసుకునేనని. ఆదివారం ఏం చేయాలో ఆమె ఆ దారిలోనే అనుకుంది. ఎవరితోనూ అనలేదు.

*

ఆదివారం పొద్దున్నే శాంతమ్మ నాలుగు పళ్లాల ఉగ్గాని కలిపింది. నానేసి పిండిన బొరుగుల్లో పుట్నాలపొడి చల్లి, నిమ్మకాయ పిండి, పక్కన మిరపకాయ బజ్జీలు వేయించి పొట్లాలు కట్టింది. పదకొండున్నరకల్లా గుడి దగ్గర టెంకాయ కొట్టారు. ఉచ్చీరప్ప చెప్పిన ప్రకారం పచ్చ ఆటో ముందు, నల్ల ఆటో అన్నిటికీ వెనక నిలిచాయి. ఒక్కో ఆటోలో పద్నాలుగు మంది. కడ్డీలు పట్టుకుని వేలాడేవాళ్లు వేరే. శేషప్ప మెడలో తప్పెట వేసుకున్నాడు. మగ్గం ముందు నోరు మెదపని మనిషి తప్పెట మెడలో పడితే ఇరవై ఏళ్ల కుర్రాడైపోతాడు.

"పోయొస్తా" అన్నాడు, భార్య మొహం చూడకుండా.

మంజు బూట్ల సంచి భుజాన వేసుకుని వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. ఏటా పెడతాడు. శాంతమ్మ వాడి తల మీద చెయ్యి ఉంచి, "మీదికొచ్చినోన్ని తప్పించేటప్పుడు తొందర పడొద్దు. కాలు నిలబెట్టుకో" అంది. వాడు తల ఊపి, ఏదో అనబోయి, మేళం చప్పుడులో కలిసిపోయాడు.

ఆటోలు మలుపు తిరిగాక వీధిలో చప్పుడు చచ్చిపోయింది. ఒక్క మగ్గమూ ఆడటం లేదు. శాంతమ్మ స్నానం చేసి, నేరేడు రంగు చీర కట్టుకుంది. పసుపుపచ్చ తప్ప ఏ రంగైనా ఫరవాలేదు. తలుపుకు తాళమేసి, పక్కింటి ముసలమ్మకు అక్క కూతుర్ని చూసొస్తానని చెప్పి బస్టాండుకు నడిచింది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు టికెట్ కొట్టి ఇచ్చాడు, ఆడవాళ్లకు ఇచ్చే ఉచిత టికెట్. కిటికీ పక్కన సీటు దొరికింది. పత్తి తీసేసిన చేలు మోడుగా, బూడిద రంగులో రెండువైపులా జరిగిపోతుంటే, దొంగతనానికి పోతున్నట్టు గుండె కొట్టుకుంది. కొడుకు ఆట చూడటానికి పోతోంది. మరేం కాదు.

ఇవాళ ఫైనల్ జరిగే కప్పు ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కుటుంబం తమ పెద్దాయన నరహరి పేరున ఏటా ఫిబ్రవరిలో పెట్టేది. గ్రౌండుకు తూర్పువైపు ఎమ్మిగనూరువాళ్లు ఎండలో కూర్చుంటారు. పడమటివైపు షామియానా కింద కుర్చీల్లో ఆదోనివాళ్లు. శాంతమ్మ పడమటి గేటులోంచి కొంగు తల మీదికి లాక్కుని వచ్చి, చివరి వరసలో కార్నర్ జెండాకు దగ్గరగా ఒక కుర్చీలో ఒదిగి కూర్చుంది. అవతల దుమ్ములోంచి మొగుడి తప్పెట వినపడుతోంది. వంద చప్పుళ్లలోనైనా అది ఆమెకు తెలుస్తుంది.

పక్క కుర్చీలో అరవై దాటిన ఒకావిడ గొడుగు మూసి ఒళ్లో పెట్టుకుని, స్టీలు డబ్బా మూత తీసింది. "తీసుకోమ్మా, అటుకుల చూడా. ఒక్కదానివే వచ్చావా? నా పేరు పద్మాబాయి. అదిగో, గోల్ దగ్గర ఆకుపచ్చ చొక్కా వాడు మా మనవడు పవమాన్. నేను రాకపోతే వాడు బూట్లే కట్టుకోడు. మోకాళ్లు నొప్పి, రాలేనురా అంటే, ఎత్తుకొస్తాను అవ్వా అంటాడు. ఏం చేస్తాం చెప్పు?"

శాంతమ్మ నాలుగు అటుకులు నోట్లో వేసుకుంది.

"మీవాళ్లెవరైనా ఆడుతున్నారా?"

"లేదమ్మా. ఊరికే వచ్చినా."

ఆట మొదలైంది. మొదటి పది నిమిషాలు బంతి మధ్యలోనే కొట్టుకుంది. మంజు బిగుసుకుపోయి ఉన్నాడు. బంతి వచ్చిన వెంటనే వదిలించుకుంటున్నాడు. నిలబెట్టుకోరా, నిలబెట్టుకో అని పెదవుల లోపలే అనుకుంటూ శాంతమ్మ కాలివేళ్లతో చెప్పును నొక్కిపట్టింది. ఇరవయ్యో నిమిషంలో ఆదోని కుర్రాడొకడు ఎక్కడినుంచో తన్నిన బంతి ఎగిరి, మగ్గాల వీధి గోల్‌కీపర్ వేళ్లకు తగిలి లోపల పడింది. షామియానా మొత్తం లేచి నిలబడింది. పద్మాబాయి కూడా మోకాళ్లు మరిచిపోయి లేచింది.

శాంతమ్మ లేవలేదు. వచ్చినాను, పడింది. మూడోసారి. నిన్న మేఘన అడిగిన మాట, దారిపొడవునా తను తనకు చెప్పుకున్న ధైర్యం, అన్నీ ఎటో పోయాయి. వాళ్లను తిట్టుకుంది గాని, ఆ పురుగు తన లోపల కూడా ఉందని అప్పుడు తెలిసింది. హాఫ్ టైం విజిల్ పడగానే లేచి, "వస్తానమ్మా" అని పద్మాబాయితో అనేసి, తల వంచుకుని గేటు దాటి బయటికి వచ్చేసింది.

గ్రౌండు గోడకు బయట చెరుకురసం బండి ఉంది. దాని పక్కన నీడలో నిలబడింది. బస్సెక్కి వెళ్లిపోదామా అనుకుంది. లోపల మళ్లీ విజిల్ వినిపించింది. తప్పెట జోరందుకుంది. నేను బయట ఉన్నాను దేవుడా, నేను చూడటం లేదు, ఇక గోలు మావాళ్లకు పడనీ అని మొక్కుకుంది. గోడకు వీపు ఆనించి, కళ్లు కూడా మూసుకుంది.

కాసేపటికి గోడ అవతల పెద్ద అరుపు లేచింది. అది పడమటి వైపు అరుపు. తప్పెట టక్కున ఆగిపోయింది. గోడెక్కి చూస్తున్న ఆదోని కుర్రాడొకడు కిందికి ఒంగి బండివాడికి చెప్పాడు, "మనోళ్లకు ఇంకొకటన్నా! రెండు సున్నా!"

శాంతమ్మ కళ్లు తెరిచింది. ఏం విన్నదో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తను లోపల లేదు. చూడలేదు. గోడకు ఇవతల, కళ్లు మూసుకుని ఉంది. అయినా పడింది. బంతి లోపలికి పోవాలనుకుంటే శాంతమ్మ ఎక్కడుందో కనుక్కుని పోవడం లేదు. రెండు రోజులుగా గుండె మీద మోస్తున్నది ఇంత పిచ్చిదా అని నవ్వొచ్చింది. కొడుకు రెండు గోల్స్ వెనకబడి ఉంటే నవ్వేమిటని వెంటనే ఏడుపూ వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని గబగబా లోపలికి నడిచింది.

"ఎక్కడికి పోయావమ్మా? రెండోది చూడలేకపోయావే!" అంది పద్మాబాయి.

"ఫరవాలేదులేమ్మా" అంది శాంతమ్మ. ఈసారి కొంగు తల మీద కప్పుకోలేదు.

ఆ తర్వాతి అరగంట ఆమె జన్మలో మరిచిపోదు. కార్నర్ కొట్టిన బంతిని పవమాన్ పిడికిలితో గుద్దితే అది వచ్చి మంజు ముందు పడింది. వాడు తొందరపడలేదు. కాలు నిలబెట్టుకున్నాడు. కుడివైపు ఒంగినట్టు ఒంగి, ఎడమ కాలితో కొట్టాడు. వల కదిలింది. పది నిమిషాలకు సాయిరాం అనే పొట్టి కుర్రాడు ఎవరూ అనుకోనంత ఎత్తు ఎగిరి తలతో ఇంకొకటి వేశాడు. తూర్పువైపు జెండాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. శాంతమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, అవి తమంతట తామే లేస్తాయేమోనని.

ఇంకో ఐదారు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా మంజుకు మధ్యలో బంతి దొరికింది. ముందర ఎవరూ లేరు. పవమాన్ ఒక్కడే. వాడు ముందుకొచ్చి మీద పడబోతే, మంజు బంతిని వాడి చంక కిందుగా మెల్లగా దొర్లించాడు. దొర్లి దొర్లి లోపలికి పోయింది. మంజు చేతులు చాచి అరుచుకుంటూ నేరుగా పడమటి కార్నర్ జెండా వైపు పరిగెత్తుకొచ్చాడు. అక్కడికొచ్చి తల ఎత్తాడు.

పది బారల దూరంలో తల్లి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

వాడు చూశాడు. సందేహం లేదు, కళ్లల్లోకి చూశాడు. చాచిన చేతులు చటుక్కున కిందికి దిగిపోయాయి. మొహంలో సంతోషం ఆరిపోయి, చీకట్లో ఏదో తొక్కినవాడి మొహంలా అయింది. అంతలో తోటివాళ్లు వచ్చి మీద పడ్డారు. వాళ్లతో కలిసి వెనక్కి వెళ్లిపోయాడు.

పద్మాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది. గోల్ దగ్గర బోర్లా పడి ఉన్న మనవడిని చూసి, ఆపైన శాంతమ్మను చూసింది. "నీ కొడుకా?"

శాంతమ్మ తల ఊపింది.

"బాగా ఆడాడు. మరి ఈపక్క కూర్చున్నావేమ్మా? వాడు నిన్ను చూసీ అట్లా వెళ్లిపోయాడేం?"

శాంతమ్మ మళ్లీ గ్రౌండు వైపు తిరిగింది. పద్మాబాయి గొడుగు ఊతంగా లేచి, మనవడి కోసం గ్రౌండు అంచుదాకా మెల్లగా నడుచుకుంటూ పోయింది.

*

దీపాలు పెట్టే వేళకు శాంతమ్మ ఇంట్లో ఉంది. చీర మార్చుకుని అన్నం వార్చింది. ఏడు దాటాక మేళం వీధి మొదట్లో వినపడి, దగ్గరికొచ్చి, ఆమె గుమ్మం ముందే ఆగింది. కప్పు ఉచ్చీరప్ప నెత్తిమీద ఉంది. మంజు ఇద్దరి భుజాల మీద ఉన్నాడు.

"వదినా, బయటికి రా!" అని పిలిచాడు ఉచ్చీరప్ప. గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. "ఈ కప్పు నీది. మాకోసం కన్నకొడుకు ఆట సూడకుండా ఇంట్లో కూసున్నావు. ఆదోనోళ్లు రెండు వేసినాక కూడా నాకు భయం లేదు వదినా. శాంతమ్మొదిన ఇంట్లో ఉండాది, మనమే గెలుస్తామని అందరికీ సెప్పినా. అడుగు వీళ్లను!"

ఎవరో శాలువా అందించారు. దాన్ని ఉచ్చీరప్ప విప్పి ఆమె భుజాల చుట్టూ కప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. రానందుకు సన్మానం. ఇలాంటిది ఏ ఊళ్లోనైనా జరిగి ఉంటుందా అని శాంతమ్మ అనుకుంది. శాలువా మెడ దగ్గర గరగరలాడింది. ఊరుకుందామనుకుంది. ఊరుకుంటే ఇక బతికినన్నాళ్లూ ఈ గుమ్మం లోపలే ఉండాలి.

"నేను వచ్చినా" అంది.

తప్పెట చప్పుడులో వినపడలేదు. శేషప్ప చెయ్యి పట్టుకుని ఆపి, మళ్లీ చెప్పింది. "నేను ఇంట్లో లేను. ఆదోనికి వచ్చినా. అవతలపక్క షామియానా కింద కూసున్యా. మన మూడు గోల్సూ నా కళ్లతో సూసినా. వాళ్ల రెండో గోలు పడినప్పుడే నేను లోపల లేను, బయట చెరుకురసం బండికాడ ఉంటి. నేను లేనప్పుడు వాళ్లు వేసినారు, నేనున్నప్పుడు మీరు గెలిచినారు. ఇప్పుడు సెప్పప్పా, నా కన్ను ఏం చేసింది?"

ఉచ్చీరప్ప పెద్దగా నవ్వాడు. "బాగుంది వదినా! ఎవడో ఆదోని పిల్లోడు ఫోన్లో లైవ్ పెట్టినాడంట. మా మేఘన సూపించింటాది."

"నేను సూపించలేదు నాయినా" అంది గుంపు వెనకనుంచి మేఘన. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

"సంతోషం ఎక్కువై అట్ల మాట్లాడతాంది" అన్నాడు శేషప్ప, అందరి తరఫునా క్షమాపణ చెబుతున్నట్టు. పాతికేళ్లు కాపురం చేసిన మొగుడు. ఆ మాటకు శాంతమ్మకు కోపం రాలేదు. ఆయన మీద ఇంక ఏదీ రాదనిపించింది.

ఆమె భుజాల మీదున్న కొడుకు వైపు తల ఎత్తి చూసింది. "మంజూ, నువ్వు సెప్పు. నన్ను సూసినావు గదరా?"

అందరూ వాడి వైపు తిరిగారు. వాడు కప్పు చూశాడు. ఉచ్చీరప్పను చూశాడు. తల్లి తప్ప అక్కడున్న ప్రతి ఒక్కరినీ చూశాడు.

"లేదమ్మా" అన్నాడు. "నువ్వు ఆడ లేవు."

జనం హమ్మయ్య అన్నట్టు ఒక్కసారిగా కేక పెట్టారు. శేషప్ప తప్పెట పుల్ల అందుకున్నాడు. మేళం ముందుకు కదిలింది. శాంతమ్మ శాలువా తీసి వసారా తీగ మీద వేసి, లోపలికి వెళ్లి పొయ్యి మీద కూర దించింది.

కాసేపటికి మంజు ఒక్కడే ఇంటికొచ్చాడు. మోకాలు గీరుకుపోయి, దుమ్ము పట్టి ఉన్నాడు. తల్లి కంచం పెట్టింది. వాడు అన్నంలో వేలు పెట్టి చాలాసేపు కెలికాడు.

"సూసినా" అన్నాడు చివరికి. "కార్నర్ కాడ. సూసినాక నా కాళ్లు ఆడలేదమ్మా. ఆ ఐదు నిమిషాలు ఒక్క బాల్ నాకు అందలేదు. కాలి కిందనుంచే పోయింది ఒకటి. టైం అయిపోయింది కాబట్టి బతికినాము. ఇంకో ఐదు నిమిషాలుంటే..."

"అంతకుముందు రెండు గోల్స్ ఎవరు వేసినార్రా?"

"అప్పుడు నువ్వున్నట్టు నాకు తెల్దు గదా."

శాంతమ్మ వాడి కంచంలో కూర వడ్డించింది. ఉచ్చీరప్పది ఆటలో పిచ్చి, పోతే పోనీ అనుకోవచ్చు. వీడు నిజంగానే నమ్ముతున్నాడు. తన కడుపున పుట్టినవాడు, తను కనిపిస్తే దయ్యాన్ని చూసినట్టు భయపడ్డాడు.

"వచ్చే నెల కర్నూల్లో ఆడాల. ఆడికి రావద్దమ్మా. నీకు దండం పెడతా."

ఇవాళ వీళ్లు ఓడిపోయి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది శాంతమ్మ. ఆమె ఇంట్లోనే ఉందని నమ్మినవాళ్లు ఓడిపోయి ఉంటే ఆ నమ్మకం ఆదోని గ్రౌండులోనే పోయేది. గెలిచారు. ఇంక అది పోదు. కొడుకు ఓడిపోతే బాగుండునని ఒక తల్లి అనుకోవడమా అని ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆ ఆలోచన మనసులోంచి కదల్లేదు.

"వస్తా" అంది.

వాడు తల ఎత్తాడు. "ఓడిపోతే?"

"ఓడిపోతే ఓడిపోండి. ఆడేది మీరు, నేను గాదు. ఈసారి మనోళ్ల మధ్యలోనే కూసుంటా. సూసినానని సెప్తావో, సూడలేదని సెప్తావో నీ ఇష్టం."

మంజు సగం తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని, గడప దాటి మేళం ఉన్న వైపు వెళ్లిపోయాడు. తల్లి పిలవలేదు. పొద్దుటి నుంచి నాలుగు అటుకులు తప్ప ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకో కంచం తెచ్చుకుని, అన్నం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ తినడం మొదలుపెట్టింది.